పిన్నీసు

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే గది తలుపు మీద
నా పేరు లేదు, ఎర్ర బల్బు ఉంది.
మార్చి నెలొస్తే ఆ బల్బు ఆరదు.
మిర్చి యార్డు నుంచి దగ్గుకుంటూ వస్తారు
కాటావాళ్లు, హమాలీలు, తొడాలు తీసేవాళ్లు.
వాళ్ల వెనకే ఘాటూ వస్తుంది, ఓపీ చీటీ లేకుండా.
ఇరవై రెండేళ్లుగా నేను తుమ్ముతూనే
జనాన్ని ఊపిరి బిగబట్టమంటున్నాను.

కట్టా సువార్తమ్మ, యాభై మూడు, ఏటుకూరు.
గాజులు తీసింది. మెళ్లో దండ తీసింది.
జాకెట్టు లోపల ఏమైనా ఉందా అంటే
లేదయ్యా అంది.
గడ్డం పైకి. భుజాలు ముందుకు. ఛాతీ పలకకు ఆనించు.
గాలి పీల్చు. ఇంకా. ఇంకాస్త.
ఆపు.

ఆపలేకపోయింది.
రెండోసారి ఆపింది,
నిండు బిందె నెత్తికెత్తుకునేటప్పుడు ఆపినట్టు.

వీపు నా వైపు ఎందుకు తిప్పమంటానో ఎవరూ అడగరు.
గుండె పలకకు దగ్గరగా ఉంటే
నీడ ఇంచుమించు తన కొలతలోనే ఉంటుంది.
మంచం మీదున్న మనిషికి ఎదురు నుంచి తీస్తే ఉబ్బుతుంది,
లాంతరు ముందు పెట్టిన చెయ్యి గోడ మీద ఉబ్బినట్టు.
కొత్తలో అట్లాగే ఒక రిక్షా ముసలాయన్ని
లేని జబ్బుతో రెండు రాత్రులు భయపెట్టాను.
అప్పటి నుంచి ఫిల్ము మూల మీద రాస్తాను:
నిలబడి తీసింది, పడుకోబెట్టి తీసింది.
చిన్న మాటే. దాని మీద ఒక ఇల్లు నిద్రపోతుంది.

వెలుగు పెట్టెకు తగిలిస్తే
ముందు కనపడింది పిన్నీసు.
తెల్లగా, మూతి మూసుకుని, ఎడమ పక్కటెముక మీద.
"కూలి డబ్బులయ్యా, లోపల గుచ్చుకున్నా. మర్చేపోయా."
నోటు పడలేదు. పిన్నీసే పడింది.
నిజానికి మళ్లీ తియ్యాలి.
గుండె అంచులు తెలుస్తున్నాయి గదా అనుకున్నాను,
ఆ ఊపిరిని మూడోసారి ఆపమనలేక.

స్కేలు మా అమ్మాయిది, ఆరో తరగతిలో వదిలేసింది.
చివర పళ్ల గాట్లు.
నడిమి గీత నుంచి కుడికి నాలుగున్నర,
ఎడమకు పదకొండు.
ఛాతీ లోపలి వెడల్పు ఇరవై ఆరు.
అందులో సగం దాటకూడదు గుండె.
సగం పదమూడు.
రెండుసార్లు కూడాను. పదిహేనున్నరే.

"ఎంతుందయ్యా?"
టైలరును అడిగినట్టు అడిగింది.
మనసు పెద్దదంటే మురిసిపోతాం.
గుండె పెద్దదని చెప్పే హక్కు నాకు లేదు.
"పైన డాక్టరమ్మ చెబుతుంది" అన్నాను.

లిఫ్టుకు తాడు కట్టి ఉంది.
తర్వాతి పేరు పిలవాలి, పిలవలేదు.
ఆమెతో మెట్లెక్కాను.
ఏడో మెట్టు మీద ఆగింది. పదకొండో మెట్టు మీద ఆగింది.
మలుపులో కమ్మీ పట్టుకుని
గోడ మీది పోలియో చుక్కల బొమ్మ
చదువుతున్నట్టు నటించింది.
"రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటావమ్మా?"
"దిండ్లా! పడుకుంటే ముంచుకొస్తదయ్యా.
కాయల బస్తాకు ఆనుకుని కూచునే తెల్లారుస్తన్నా,
క్రిస్మస్ పోయిన కాణ్ణుంచి."

నా స్కేలు మీద ఆ అంకె లేదు.
నేను పట్టింది ఒక్క క్షణం నీడ.
ఆ కండ ఎంత తోస్తోందో, ఎంత తోయలేక మిగుల్చుకుంటోందో
పై గదిలో జెల్లు రాసి చూస్తారు.
మెట్లు అప్పటికే చెప్పడం మొదలుపెట్టాయి.

బల్ల మీద కూచోబెట్టి కవరు మీద రాశాను:
నిలబడి తీసింది. పిన్నీసు జాకెట్టుది.
ఇంకో ముక్క, నా పని కాకపోయినా:
కూచుని నిద్రపోతోంది.

దిగబోతుంటే పిలిచింది.
"మజ్జానం లోపు అయిపోద్దా అయ్యా?
రెండు టిక్కీల తొడాలు నావే ఉండాయి."
ఏం చెప్పాలో వెతుక్కునే లోపు
తుమ్మొచ్చింది నాకు.
"నూరేళ్లు" అంది,
ఆ ఒక్క మాటకు
రెండుసార్లు ఊపిరి తీసుకుని.