బూడిద

మా అమ్మ వళ్లెమ్మకు
ఏకాంబరకుప్పంలో సొంత మగ్గం ఎప్పుడూ లేదు.
షెడ్డు నించి షెడ్డుకు పొయ్యి
అయిపోయిన పడుగు కొసలకు
కొత్త పడుగును అతికి వస్తాది.
మూడు వేల పోగులు, మూడు వేల మెలికలు.
ముడి కాదు, మెలిక. ముడైతే అచ్చులో ఇరుక్కుంటాది.
కొబ్బరి చిప్పలో బూడిద పక్కనే ఉండాల,
వేళ్ళు జారకుండా.

ఆ మోతలో మాకు మెల్లగా మాట్లాడే అలవాటు పోయింది.
కరెంటు లేని మధ్యాహ్నాల్లో కూడా
పక్కపక్కనే కూర్చోని అరుచుకునేవాళ్ళం.

కత్తిరించి పారేసిన జానెడు కొసల్ని
పదకొండేళ్ళు ఏరినాను.
లుంగీల ఆకుపచ్చ, లంగాల గులాబి,
ఎవరో వద్దన్న ఒక పసుపు.
గోతాలు అటకెక్కినాయి. వాటిల్లో ఎలకలు ఈనినాయి.
"దీపం వొత్తులకా?" అనింది ఒకసారి.
కాదన్నాను. ఇంకేం అడగలేదు.

తిరపతిలో, ఒక పాత కల్యాణమండపం మేడమీద
కొసకు కొస చేర్చి వేలాడదీసినాను.
పై సగం దూలానికి,
కింది సగం నేలమీది వెదురు బద్దకు,
మధ్యలో కలవని ఖాళీ.
ఆ ఖాళీయే నా బొమ్మ.
కార్డు మీద రాసినాను: నూలు, పాలిస్టరు, గాలి.
ఒకాయన దాన్ని వాన అన్నాడు.
ఒకామె తలనీలాలన్నది.

అమ్మ రెండో రోజు వచ్చింది,
పుత్తూరు మీదగా, బస్సులో నిలబడి.
చాలాసేపు చూసింది.
"ఏమ్మే, సగంలో వదిలేసినావే?"
నేను చెప్పబొయ్యేలోగా
గొంతుక్కూర్చోనింది.
కొంగు ముడిలో కాగితం పొట్లం, దాంట్లో బూడిద.
ఎప్పుడూ ఉంటాదంట. నాకు తెలీదు.

ముట్టరాదు అనే అట్టను
కాపలా అబ్బోడు చూపించబొయ్యి
నా మొహం చూసినాడు.
అట్టను గోడవైపు తిప్పినాను.

పై పోగు, కింది పోగు, బొటనవేలు ఒకసారి ముందుకి.
ఆకుపచ్చకు గులాబి. గులాబికి ఆ పసుపు.
రంగు చూడలేదామె, వరస చూసింది.
సాయంత్రానికి నా గాలిలో
నాలుగు వందల పోగులంత తక్కువ.

కోపం వచ్చింది, అబద్ధమెందుకు.
పదకొండేళ్ళు పట్టింది ఆ ఖాళీకి.
అప్పుడే అమ్మ, ఒక్క మగ్గమూ లేని ఆ గదిలో,
షెడ్డులో అరిచినట్టే అరిచింది:
"నిలబడి చూస్తావేం, అవతలి కొస పట్టుకో!"
పట్టుకున్నాను.

కార్డు మీద గాలిని కొట్టెయ్యలేదు.
పక్కన బూడిద అని చేర్చినాను.

ఆఖరి బస్సు ఎక్కతా చెప్పింది,
"మిగిలింది ఆదివారం వచ్చి చూస్తా.
అంతదాకా ఎవుర్నీ ముట్టనియ్యద్దు."