కప్పు సప్పుడు

మంచిర్యాలోల్లు మాకు ఏడు కొట్టిన్నాడు
నేను గోలు కాడ ఏడుసార్లు వంగిన.
ఏడోసారి బంతిని సంకల వెట్టుకొని
నడిమి గీత దాకా నేనే నడిచి పోయి ఇచ్చొచ్చిన,
విసిరేటందుకు సుత రెక్క లేవక.

ముందట ఆడెటోల్లకు కొదవ లేదు మాకు.
ఓదెలు కాళ్లల్ల కరెంటు,
సాదిక్ బంతిని బనీను లెక్క ఒంటికి తొడుక్కుంటడు.
ఎనుక మాత్రం తలుపు లేని ఇల్లు.
ఎవ్వలన్న రావచ్చు, కూసోవచ్చు,
చాయ తాగి పోవచ్చు.

ఎయిటింక్లైన్ కాలనీ క్యాంటీన్ల కమిటీ కూసున్నది.
హైద్రాబాదు నుంచి కోచ్‌ను తెద్దామన్నరు,
ఆయన ఫోన్ల చెప్పిన రేటు ఇని
ప్లేట్లల్ల మిర్చీలు చల్లారినయి.
అప్పుడు సెక్రటరీ కనకరాజం మూతి తుడుసుకుంట
“మొగిలి ఉన్నడు గదా, టింబర్ మొగిలి” అన్నడు.
ఎనుకట గోదావరిఖని టీముల స్టాపర్ బ్యాకు.
ఇప్పుడు అరవై ఎనిమిదేండ్లు, మోకాళ్లకు పట్టీలు.
నెలకు నాలుగు వేలు, రోజూ ఒక ఉడుకవెట్టిన గుడ్డు.
గుడ్డు ఆయనే అడిగిండు.

మొదటి దినమే
బంతిని స్టోర్ రూంల వెట్టి తాళమేసిండు.
చేతిల ఇనుప కడ్డీ,
బాయిల కప్పు కొట్టి చూసేటిది,
రిటైరైనంక కంపెనీకి అప్పజెప్పనిది అదొక్కటే.
నలుగురు బ్యాకులను వరుసకు నిలవెట్టి
నడుములకు తాడు గట్టిండు.
ఒకడు కదిల్తే నలుగురు కదలాలె.
వారం రోజులు అదే.
గోడ మీద కూసున్న పోరగాండ్లు
“ఎడ్లు, ఎడ్లు” అని నవ్విన్రు.
లెఫ్ట్ బ్యాక్ జాన్సన్ రెండుసార్లు బోర్ల వడ్డడు,
మూడోసారి అలిగి ఇంటికి వోయిండు,
వాళ్లమ్మ తిట్టి మల్ల తోలిచ్చింది.

“దుంగకూ దుంగకూ నడుమ ఎంత జాగ ఉండాలెరా?”
మాకేం ఎరుక.
మాది ఓపెన్‌కాస్టు తరం,
కప్పే లేని బొగ్గు సూసినోల్లం.
“నాలుగడుగులు” అని ఆయనే చెప్తడు,
“అయిదైతే ఎవనిదో ఇల్లు కూలుతది.”

నాకు వేరే చదువు.
కండ్లకు తువ్వాల గట్టి గోల్ల నిలవెట్టి
“ఇను” అన్నడు.
ఏమినాలె సారూ?
“మంచి కప్పు కొడితే గంట లెక్క మోగుతది,
పాడు కప్పుది డొల్ల సప్పుడు.
పడేటిది పడే ముందు చెప్తది.
ఇను.”

మొదాలు దూరంగ కన్వేయర్ బెల్టు ఇనవడ్డది,
పాలాయన సైకిలు,
అటెన్క ఓదెలు ఊపిరి, వాని ఎడమ బూటు రాయిని గీకుడు,
అటెన్క జాన్సన్‌కూ తిరుపతికీ నడుమ
పలుచనైన గాలి.
“జాన్సన్, లోపటికి!” అని ఒర్లిన.
తువ్వాల ఇప్పి సూస్తే
సారు గుడ్డు పొట్టు తీసుకుంట కూసున్నడు.

ఆయన కుడిచేతికి రెండు వేళ్లు లేవు.
ఎక్కడ వోయినయో చెప్పలే, మేం అడుగలే.
తిరుపతి ఒక్కడే
ఆ చెయ్యి ముంగట తల వంచుకొని నిలవడ్తడు.
వాళ్ల నాయిన ఆ షిఫ్టుల ఉన్నడట,
ఒర్లుడు ఇని ఉరికినోల్లల్ల ఆఖరోడు.

అక్టోబరుల మల్ల మంచిర్యాలోల్లు వచ్చిన్రు.
మా గ్రౌండే, అదే పది నంబరోడు,
అదే జుట్టు ఎగరేసుడు.
తాడు ఇప్పి నెల దాటింది,
అయినా జాన్సన్ పక్కకు జరిగినప్పుడల్లా
నా నడుముకు గుంజినట్టే అయింది.
పది నంబరోడు అటు తిరిగిండు, ఇటు తిరిగిండు,
ఆఖరుకు రిఫరీ మీద కోపం చేసిండు.

ఎనభై ఒకటో నిమిషంల
నేనొక్క మాట ఆలస్యమైన.
ఒకటే గోలు. ఓడినం.
కనకరాజం అక్కడ్నే చిట్టీ మీద లెక్కేసిండు,
మూడు నెలల జీతానికి
తప్పిన ఆరు గోల్లు ఒక్కోటి ఎంతకు వడ్డదో.
గుడ్లు గూడ కలిపిండు.

అందరు పోయినంక సారు నా కాడికచ్చిండు.
తిడ్తడనుకున్న.
కడ్డీతోని గోలు పోస్టు మీద ఒక్కటి కొట్టి
చెవి ఆనిచ్చిండు,
నన్ను గూడ ఆనియ్యమన్నడు.
“అడుగున తుప్పు వట్టింది.
పొద్దుగాల సిమెంటు పట్టుకరా.
బస్తా వద్దు, గంపెడు చాలు.”