పరిగడుపు

పన్నెండు గంటలు ఏం తినొద్దన్నరు.
గిదేం కొత్త?
ఫస్ట్ డ్యూటీ పడ్డ రోజు
పొద్దుగాల నాలుగింటికి డిపోల సంతకం పెట్టి
పదకొండు దాకా చాయ్ మీదనే ఎల్లదీస్త.
కాకపోతే ఇయ్యాల చాయ్ గూడ లేదు.

తార్నాక ఆస్పత్రి మెట్ల కాడ
మా డిపో ఆడోళ్ళం తొమ్మిది మందిమి,
ఒకరి సంచి ఒకరం పట్టుకొని
ఒకరి బీపీ ఒకరం అడుక్కుంట.
అనసూయకు మోకాళ్ళు, షాహీన్‌కు థైరాయిడ్,
సుగుణక్కకు నడిరాత్రి చెమటలు,
నెలసరి ఆగినంక వస్తయట, మామూలేనట.
నాకు ఎడమ భుజం.

ఎడమ భుజం మీద పట్టీ
ఇరవై రెండేండ్లు.
మొదలు తోలు సంచి, తర్వాత టికెట్ మిషను.
చిల్లర బరువు తగ్గింది గని
భుజానికి ఆ ముచ్చట ఎవరు చెప్పలే.
అక్కడికెళ్ళి నొప్పి చెయ్యిలకు దిగుతది.
పట్టీ నొప్పా, లోపలి నొప్పా,
రెండూ ఒకటే తొవ్వల వస్తయి,
ఏ స్టాపుల ఎక్కినయో చెప్పవు.

పోయిన శ్రావణంల
మా డ్రైవర్ మొగులయ్య
నారాయణగూడ ఫ్లైఓవర్ దిగంగ
బండిని పక్కకు తీసి, హ్యాండ్ బ్రేకేసి,
"అక్కా, జర గ్యాస్ పట్టింది" అని
స్టీరింగ్ మీద తల పెట్టిండు.
యాభై ఆరు మంది దిగి ఎనుక బండి ఎక్కిన్రు.
ఒక్కరికి గీత పడలే.
మొగులయ్యకు నలభై తొమ్మిది.
అప్పటిసంది మా డిపోల
గ్యాస్ అని ఎవరన్నా అల్కగ అంటే
అందరం వాళ్ళ మొకం దిక్కు చూస్తం.

ఫారం నింపే పిల్లకు గోర్లకు ఆకుపచ్చ రంగు.
ఇంట్ల ఎవరికన్నా గుండె జబ్బుందా?
లేదమ్మా.
నాయిన ఎట్ల పోయిండు?
పక్షవాతం.
అమ్మ?

అమ్మ అడ్డగుట్ట బోరింగ్ కాడ బిందె దించి
దవడ గుంజుతుందన్నది.
వాము నమిలింది. సోడా తాగింది.
వంట చేసింది, అందరికి పెట్టింది,
తను తినకుండనే ఒరిగింది.
గ్యాస్‌తోని పోయిందన్నరు.
నేను గూడ ముప్పై ఏండ్లు
అడిగినోళ్ళకల్ల అట్లనే చెప్పిన.

పిల్ల పెన్ను ఆపింది.
ఏం రాయాలె అక్కా?
తెల్వదని రాయి అన్న.
రాసినంక,
కొట్టెయ్యి బిడ్డా,
ఉందని రాయి అన్న.

ఛాతి మీద చల్లటి జెల్లు.
బొగ్గు రంగు తెర మీద చిన్న తలుపు
తెరుస్తంది, మూస్తంది, తెరుస్తంది.
ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి అని
నేను మొత్తుకోకుండనే
ఎవరి జాగల వాళ్ళు ఎక్కుతున్నరు, దిగుతున్నరు.
గింత పద్ధతిగ నడిచే బండి
నా లోపల ఉన్నదని నాకే తెల్వకపాయె.

తర్వాత ట్రెడ్‌మిల్.
ఇన్నేండ్లు నేను నిలబడ్డ, రోడ్డు ఉరికింది.
ఇయ్యాల నేను ఉరుకుతున్న, గది నిలబడ్డది.
ఎదురుంగ గోడ మీద తడి మరక
మూసీ లెక్క వంకర తిరిగింది.
ఎంత నడిచినా దాని ఒడ్డు చేరలే.

"ఇప్పటికైతే గండం లేదు" అన్నడు డాక్టరు.
ఒక గీత కొంచెం వంకరున్నదట.
కొవ్వు ఎక్కువట. బీపీ గోలి రోజూ ఒకటి.
మూడు నెలలకు మళ్ళ రమ్మన్నడు.
నవ్వొచ్చింది,
ఇన్ని లక్షల టికెట్లు కొట్టిన దాన్ని
నాకే రిటర్న్ ట్రిప్పు.

బయట షాహీన్ ఇడ్లీ పొట్లం ఇప్పింది.
చట్నీల ఉప్పు లేదే అన్న.
"ఇగ గంతే అక్కా" అన్నది, నోట్ల పెట్టుకుంట.

తెల్లారి మిషను కుడి భుజానికి ఏసుకున్న.
కోఠి దాకా
చెయ్యి ఎడమ దిక్కే పోయింది
లేని పట్టీని సర్దనీకి.