తడిగీత

తార్తూలో ఫిబ్రవరి.
బూట్ల మంచు మెట్ల మీద దులుపుకుని
నేలమాళిగలోకి దిగితే లిన్సీడ్ నూనె వాసన,
పొయ్యి పక్కన ఆరేసిన ఉన్ని చేతితొడుగులు,
బల్ల మీద తలుపంత కాగితం.

హిల్యె ముందు చేతులు కడుక్కుంటుంది.
ఇనుప స్కేలు పరుస్తుంది.
సన్నకుంచె నీళ్ళలో ముంచి
స్కేలు వెంబడి ఒకే ఒక్క గీత.
"తాగనీ" అంటుంది నాతో,
ఎండనపడి వచ్చిన చుట్టం గురించి చెప్పినట్టు.

నాకు చింపడమంటే కోపంలో చేసే పనే.
తప్పిన పరీక్ష మార్కుల కాగితం చింపాను,
కాద్రి రాసిన ఆఖరి ఉత్తరం చింపాను,
పరపరా, పక్కింటికి వినబడేలా.
ఇక్కడ చప్పుడే రాదు.
పిల్లి పాలు తాగుతున్నంత సడి.
ఎడమ అరచెయ్యి స్కేలును అదిమి ఉంటుంది,
కుడిచెయ్యి కాగితాన్ని తనవైపు
కొంచెం, ఇంకొంచెం,
నిద్రపోతున్న పిల్ల మీంచి దుప్పటి లాగినట్టు.

విడిపోయిన చోట నూగు.
ఏ పత్తి పీచు ఎక్కడ పట్టు వదలాలో
దానికదే తేల్చుకుంది.
దీపం కింద పెడితే
తెలుపు అంచున ఇంకో తెలుపు.

మూలన కాగితాలు కోసే గిలెటిన్,
దాని మీద ఇప్పుడు ఫెర్న్ కుండీ.
ఇరవై ఆరేళ్ళు అలాంటిదాని ముందే నిలబడింది హిల్యె
ప్రభుత్వ ముద్రణాలయంలో,
చేపల డబ్బాల లేబుళ్ళు కోస్తూ.
రోజుకెన్ని అని అడిగాను.
"లెక్క వాళ్ళు రాసుకునేవాళ్ళు" అంది.

మొన్న బ్యాంకు నుంచి ఊర్మస్ గారొచ్చారు.
కొంగ బొమ్మలు పన్నెండు కావాలి,
అన్నీ ఒకే కొలత, అంచులు తిన్నగా.
"ఇవేమో ఎలుకలు కొరికినట్టున్నాయి" అన్నారు నవ్వుతూ.
ఆమె వాదించలేదు.
కుండీ దించమంది.
పన్నెండూ కోసిచ్చింది, వెంట్రుకవాసి తేడా లేకుండా.
అద్దె కట్టాలి కదా.

కట్ట కడుతుంటే నా చూపుడువేలు తెగింది,
కత్తికి కాదు, కాగితానికి.
నెత్తుటిచుక్క కొంగ కాలి మీద పడబోయి ఆగింది.
వేలికి గుడ్డ చుడుతూ హిల్యె
"చింపిన అంచు నన్నెప్పుడూ కోయలేదు" అంది.
అంతే. టీకి నీళ్ళు పెట్టింది.

ఇవాళ పదమూడోది నా వంతు.
గీత తడిపాను. తాగనిచ్చాను.
సగందాకా బాగానే వచ్చింది.
తర్వాత కాద్రి గుర్తొచ్చిందో ఏమో, తొందరపడ్డాను.
అంచు లోపలికి తిరిగి
బొమ్మలోని రెల్లుదుబ్బులోకి బెత్తెడు చొచ్చుకుపోయింది.
నలిపి పారేయబోతే లాక్కుంది.
వెనకవైపు పెన్సిలుతో నా పేరు రాయించింది,
తేదీ కూడా.

ఇంటికెళ్తూ వంతెన మీద ఆగాను.
ఎమయొగి నడుమ నల్లటి నీళ్ళు,
రెండువైపులా ఒడ్డు పట్టుకుని వేలాడే మంచు,
ఎక్కడా తిన్నగా లేదు.
స్కేలు పెట్టినవాళ్ళెవరూ కనబడలేదు.
గుడ్డ చుట్టిన వేలితో
జేబులోని పీలికను తడిమాను.
ఒక కొస ఇంకా చెమ్మగా ఉంది.