ఎడమ తొడ

ఒసాకాకి వానొస్తోందని
నా ఎడమ తొడకి ముందే తెలుస్తుంది.
అరవై ఆరులో
అక్కడే థొంగ్‌డీ కాలు దిగింది.

కరాటేలో నేను నేర్చిందల్లా
వెంట్రుకవాసిలో ఆగిపోయే పిడికిలి.
వాడికి ఆగడం ఎవరూ నేర్పలేదు.

ఆ రాత్రి స్నానశాలలో
నా తొడకి వాడే తైలం రాశాడు.
మోచెయ్యి చూపించి,
అది కూడదన్నారని మూతి ముడిచాడు.
మేం కొట్టుకున్నదానికి అప్పటికింకా పేరు కుదర్లేదు;
పోస్టరు మీద ఎవరో
రెండు ఇంగ్లీషు ముక్కలు అతికించారు.

నిన్న ఆమ్‌స్టర్‌డామ్ పిల్ల మారిట్,
నేను ప్యాడ్ పట్టుకుంటే,
టపటపా మూడు గుద్దులు, వెనకే తొడకో తన్ను.
"ఇది మా డచ్చి పద్ధతి" అంది.

కాదనలేదు.
నా తొడ మాత్రం
పాత చుట్టాన్ని గుర్తుపట్టింది.
కుంటుతూ వెళ్లి టీ పెట్టాను,
ముగ్గురికి.