ఉడుంపట్టు

పట్టుకోవడం నా చేతికి బాగా తెలుసు.
వదలడమే, కాస్త ఆలోచించి వదులుతుంది.

కుతాయిసిలో పొద్దున్నే మినీబస్సు దిగుతూ
డ్రైవరుకి ఇవ్వబోయిన నాణెం
నా వేళ్ళ మధ్యే ఉండిపోతుంది.
ఎంగిలిచేత్తో కాకిని తోలని రకమని
అతను నవ్వుతాడు. నేనూ నవ్వుతాను.
నవ్వు కూడా నన్నంత త్వరగా విడవదు.

లక్షమందిలో ఒకరికట.
అక్క నాజిబ్రోలాకీ, డాక్టరుకీ తప్ప
ఎవరికీ చెప్పలేదు.
చెబితే జాలిపడతారు. జాలికి జవాబివ్వడం
మెట్లెక్కడం కన్నా కష్టం.
మెట్లదేముంది, మొదటి మూడే మొండికేస్తాయి,
తర్వాత కాళ్ళు నావే.

జామ్ సీసా మూత తియ్యమని అక్క ఇస్తుంది.
మూత వస్తుంది, చెయ్యి రాదు.
నేనలా సీసాతో నిలబడి ఉంటే
చెంచాతో వచ్చి తినేసి పోతుంది, దొంగ!

విందులో గ్లాసెత్తి దీవించే వంతొస్తే
దింపలేక ఇంకో మాట, ఇంకో మాట కలుపుతాను.
పేటలో నాకు మంచి మాటకారినని పేరు.

మొన్న మంచు కురిసిన రోజు
పక్కింటి వార్లామ్ పోయాడు.
వాకిట్లో ఆయన భార్య చెయ్యి పట్టుకున్నాను.
చలికి వేళ్ళు బిగుసుకున్నాయి.
నా వెనక వరస కదలకుండా దగ్గింది.
లోపల లెక్కపెడుతున్నాను,
పన్నెండు, పదమూడు, పద్నాలుగు...
ఆమె తలెత్తింది.
"పొద్దుట్నించీ ఇంతసేపు ఎవరూ పట్టుకోలేదు" అంది.

అప్పటికే వేళ్ళు విడివడ్డాయి.
ఆ సంగతీ
ఎవరికీ చెప్పలేదు.