పద్నాలుగో స్టేజీ

ఊళ్లన్నీ నాకు స్టేజీలుగానే తెలుసు.
కాంప్లెక్సులో ఒకటి. ఎన్ఏడీ దగ్గర ఐదు.
గోపాలపట్నం, వేపగుంట, పెందుర్తి, సబ్బవరం,
చోడవరంలో ఇరవై రెండుతో ఆఖరు.
మధ్యలో పద్నాలుగు, సపోటాతోట.
తోట కొట్టేసి ఆరేళ్లయింది.
హద్దురాళ్లకి పసుపు రంగు,
గేటుకి అటొకటి ఇటొకటి సిమెంటు ఏనుగులు,
లోపల నడుముదాకా గడ్డి.
టికెట్టు మీద మాత్రం తోట ఇంకా పచ్చగానే ఉంది.

తెల్లారి నాలుగున్నర బస్సు నాది.
వానపడితే నీళ్లు శారద వైపో, సముద్రం వైపో,
తమకి తోచిన గెడ్డ పట్టుకుని పోతాయి గానీ
మనుషులు ఒక్క వైపే దొర్లుతారు.
తాపీలు సంచుల్లో చుట్టుకున్న మేస్త్రీలు,
కేజీహెచ్‌లో ఆరింటికి డ్యూటీ ఎక్కాల్సిన ఆయమ్మలు,
మాల్ పేరు జేబు మీద కుట్టిన సెక్యూరిటీ తాతలు,
పెందుర్తి రైతుబజారుకి మునక్కాడల మోపులు
(మోపుకి లగేజీ కొట్టమంటే
"ఆటికి సీటిచ్చావేటమ్మా" అని ఎదురు ప్రశ్న).
సబ్బవరాన్ని పగలు పదింటికి చూడాలి.
తాళాలు, అరుగు మీద కుక్క, ఒక టైలరు.
రాత్రి పదింటికీ చూడాలి.
మోటారు సైకిళ్లు సందు పట్టక
ఒకదాని మీద ఒకటి వాలి నిద్రపోతాయి.

నిన్న సాయంత్రం బస్సులో
పరదేశినాయుడు మాస్టారు ఎక్కారు.
చంకలో జనాభా లెక్కల సంచి, చెప్పుల నిండా ఎర్రమట్టి.
"మీ ఇంటికి మూడుసార్లెళ్లానమ్మా, తాళమే.
ఇక్కడే పట్టుకుందామని."
వేపగుంట దాటేలోగా పేరు రాసుకున్నారు.
గొంప లీలావతి, ముప్పై ఎనిమిది.
"మామూలుగా ఎక్కడుంటారు?"

అద్దె కట్టేది సబ్బవరంలో.
మా ఆయన స్టీలుప్లాంటులో కాంట్రాక్టు, రాత్రి షిఫ్టు,
పగటి నిద్ర అగనంపూడిలో తమ్ముడి గదిలో.
పిల్ల చోడవరం హాస్టల్లో.
నేను వారానికి మూడు రాత్రులు డిపోలో,
నల్లుల మందు వాసనొచ్చే మంచం మీద.
"ఆర్నెల్లు ఎక్కడుంటే అదే మీ ఊరు" అన్నారు మాస్టారు,
లెక్క తేలిపోయిన వాడిలా.
ఆర్నెల్లు ఎక్కడున్నాను?
ఈ రాడ్డు పట్టుకుని, ఈ రెండు మెట్ల పైన.
ఈ బస్సుకి గడప ఉంది, ఇంటి నెంబరు లేదు.

ఆయన పెన్ను గాల్లోనే ఉంది.
మాట మారుద్దామని అడిగాను,
"తోట స్టేజీలో ఎంతమంది తేలారు?"
"అక్కడెవరున్నారమ్మా, ప్లాట్లే కదా. సున్నా వేసేశాను."

మూడో సీట్లోంచి నూకాలు తల తిప్పింది.
ఒళ్లో కిరసనాయిలు డబ్బా, ఇత్తడి టార్చిలైటు.
"నానేటి, దెయ్యాన్నా బావూ?
ఏనుగుల ఎనకాల రేకుల షెడ్డు అగుపడలేదా?
నాలుగేళ్ల బట్టి కాపలా నాదే.
మేకపిల్లలు రెండు. ఆటిని రాయకపోయినా పర్లేదు."

బస్సు నవ్వింది. మాస్టారు నవ్వలేదు.
సంచి తీసి, కాగితాల మీద కాగితాలు తిరగేసి,
సున్నా ఉన్న చోటు వేలితో మూశారు.

ఏనుగుల ముందు జోగులు బ్రేకు తొక్కాడు.
రోజూ ఒక్కరు దిగే చోట
నిన్న ఇద్దరు దిగారు.
ముందు టార్చి, వెనక సంచి,
గడ్డిలో దారి నూకాలుకే తెలుసు.
"మీ సంగతి రేపు చూస్తానమ్మా" అని అరిచారాయన
రైట్ రైట్ అన్నాక.

ఆ కాగితాల్లో నేను ఇంకా ఏ ఊర్లోనూ లేను.
చిల్లర లేక ఆయనకి బాకీపడ్డ నాలుగు రూపాయలు మాత్రం
టికెట్టు వెనక
నా చేతిరాతతో
ఆయన జేబులో ఉన్నాయి.